కొత్త ఉప్పునీటి ట్యాంకులో ఐప్టేసియాను వదిలించుకోవడం ఎలా

ఉప్పునీటి ట్యాంకు నింపి, రాళ్లు పేర్చి, చేపలకు విషమైన అమ్మోనియా సున్నాకు దిగేదాకా ఓపిక పట్టి, మొదటి జత చేపలను వదిలిన కొద్ది వారాలకే చాలామందికి ఒక రాతి సందులో గోధుమరంగు తాటిమొక్క వంటి చిన్న ప్రాణి కనిపిస్తుంది. సన్నని కాండం, పైన గాజులా మెరిసే పొడవాటి స్పర్శకాలు, నీటి ప్రవాహానికి మెల్లగా ఊగే ఆ తీరు చూసి, కొనకుండానే ఒక అందమైన జీవి ఇంటికి వచ్చిందని సంతోషించడం సహజం. నేనూ అలాగే సంతోషించి, దాన్ని మూడు వారాల పాటు కదిలించకుండా వదిలేశాను. ఆ మూడు వారాల్లో ఒకటి పదకొండయింది. అది ఐప్టేసియా అనే కలుపు అనిమోనీ, అంటే రాళ్లకు అతుక్కుని బతికే మెత్తని సముద్ర జీవి.

కలుపు అనే మాట తెలిసే వాడుతున్నాను. అయితే పొలంలో కలుపును వేళ్లతో సహా పీకితే పని పూర్తవుతుంది, ఇక్కడ పీకడమే అన్నిటికంటే పెద్ద తప్పు. ఐప్టేసియా పాదం రాతి మీద జరుగుతున్నప్పుడు దాని అంచు నుంచి చిన్న చిన్న తునకలు విడిపోయి అక్కడే ఉండిపోతాయి, ఒక్కొక్క తునక కొద్ది రోజుల్లో నోరు, స్పర్శకాలు మొలిపించుకుని పూర్తి అనిమోనీగా మారుతుంది. పట్టకారుతో లాగినా, బ్లేడుతో గీకినా, బ్రష్షుతో తోమినా మనం అదే పనిని దాని తరఫున వేగంగా చేసి పెట్టినట్టవుతుంది. పైగా దాని శరీర కణాల్లో జూజాంథెల్లే అనే శైవలాలు నివసిస్తూ వెలుతురులో దానికి ఆహారం తయారు చేసి ఇస్తాయి, అదే సమయంలో నీటిలో తేలే మేత రేణువులను స్పర్శకాలతో అది స్వయంగా కూడా పట్టుకుంటుంది. అందువల్ల చేపలకు మేత తగ్గించినంత మాత్రాన అది చావదు, లైట్లు ఆపితే రంగు కోల్పోయి తెల్లబడుతుందే తప్ప బతికే ఉంటుంది. ఇంత సులువుగా పెరుగుతుంది కనుకనే పగడాలు తెల్లబడిపోవడం వెనుక ఉన్న కారణాలను పరిశోధించే శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో పగడాలకు బదులు దీన్నే పెంచి అధ్యయనం చేస్తారు.

ట్యాంకు కొత్తది కావడం ఇక్కడ మీకు ఒక విధంగా మేలు. రాళ్ల మీద పగడాలు ఇంకా అల్లుకోలేదు కాబట్టి ఏ రాయినైనా బయటికి తీయవచ్చు. ఏడాది తరువాత ఈ వీలు ఉండదు. మరోవైపు, కొత్త ట్యాంకులో అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఇంకా బలపడలేదు కాబట్టి ఒకేసారి పదుల కొద్దీ అనిమోనీలు చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలకు ముప్పు వస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఈ రెండు విషయాలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది.

ముందు అది ఐప్టేసియానేనా అని తేల్చుకోండి

సన్నని ప్లాస్టిక్ పుల్లతో స్పర్శకాలను అతి తేలికగా తాకండి. ఐప్టేసియా అయితే చటుక్కున ముడుచుకుని సందులోకి పోతుంది, కొద్దిసేపటికి మళ్లీ మెల్లగా బయటికి వస్తుంది. స్పర్శకాలు పొడవుగా ఉండి కొస వైపు సన్నబడుతూ పోతాయి. బాగా కలవరపడితే దేహం నుంచి తెల్లని దారాల వంటివి వదులుతుంది, అవి దంశకణాలతో, అంటే కుట్టే కణాలతో, నిండి ఉంటాయి, పక్కనున్న పగడాలను కాల్చగలవు.

దీనితో పాటు తరచుగా వచ్చే రెండో కలుపు మజానో. దీని స్పర్శకాలు పొట్టిగా, లావుగా, కొసన చిన్న బుడిపెలతో ఉంటాయి, రంగు గోధుమ నుంచి ఆకుపచ్చ దాకా ఉండవచ్చు. అందం కోసం పెంచే బబుల్ టిప్ అనిమోనీ పిల్ల అనుకుని దీన్ని ముద్దుగా పెంచినవారు ఉన్నారు. ఇక చంపకూడని పోలికలు కూడా ఉన్నాయి. ఈక చీపురులా విచ్చుకునే గొట్టపు పురుగు, అంటే ఫెదర్ డస్టర్, తాకగానే ముడుచుకుంటుంది కానీ దానికి తోలులాంటి లేదా సున్నపు గొట్టం ఉంటుంది, పైనున్నవి దువ్వెన పళ్లలా చీలిన ఈకలు. అది నీటిని వడగట్టే మంచి జీవి, దాన్ని వదిలేయండి. అనుమానం తీరకపోతే ఫోనుతో దగ్గరి నుంచి ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. కంటికి కనిపించని నోటి పళ్లెం, స్పర్శకాల వరుసలు అందులో స్పష్టంగా తెలుస్తాయి.

లెక్క రాయండి

ఒక కాగితం మీద ట్యాంకు బొమ్మ గీసి, రాళ్లకు అంకెలు వేసి, ఏ రాయి మీద ఏ వైపు ఎన్ని ఉన్నాయో తేదీతో సహా గుర్తు పెట్టండి. ఇది చాదస్తంలా అనిపించవచ్చు, కానీ రెండు వారాల తరువాత కనిపించినది పాతదేనా, కొత్తగా పుట్టినదా అని తెలిసేది ఈ కాగితం వల్లనే. పగలు ఒకసారి, లైట్లు ఆరిన గంట తరువాత ఎర్ర కాగితం చుట్టిన టార్చితో ఇంకొకసారి చూడండి. సంప్ (కింద ఉండే వడపోత ట్యాంకు), నీరు అందులోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ పక్కలు, నీటిని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు గది, పైపుల లోపలి అంచులు కూడా చూడాలి. అక్కడ నీరు నిరంతరం మేత రేణువులను మోసుకొస్తుంది, కొరికే చేప ఏదీ ఉండదు, కాబట్టి ఐప్టేసియాకు అంతకంటే అనువైన చోటు లేదు. ప్రధాన ట్యాంకు శుభ్రం చేసినా మళ్లీ మళ్లీ వస్తున్నాయని బాధపడేవారి ఇళ్లలో నేను చూసిన కారణం చాలాసార్లు ఇదే.

ఈలోగా చేపలు రెండు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. గడ్డకట్టిన మేతను చిన్న జల్లెడలో కడిగి వేస్తే, కరిగిన రసం నీటిలో కలిసి అనిమోనీల పాలు కాకుండా ఉంటుంది.

రాయి బయటికి వస్తుందా?

లెక్కలో ఎక్కువ భాగం ఒకటి రెండు రాళ్ల మీదే ఉంటే, ఆ రాళ్లపై మీకు కావలసిన జీవులేవీ లేకపోతే, వాటిని తీసేయడం కంటే తేలికైన మార్గం లేదు. బకెట్టును నీటి అంచుకు ఆనించి, రాయిని నీళ్లలోంచి నేరుగా అందులోకి జార్చండి. గాలిలోకి ఎత్తి దులిపితే తునకలు తిరిగి ట్యాంకులో పడతాయి.

తీసిన రాయిని డాబా మీద ఎండబెట్టండి. మన ఏప్రిల్, మే ఎండల్లో రెండు మూడు వారాలు తిప్పి తిప్పి పెడితే లోపలి రంధ్రాల వరకు ఎండుతుంది, వర్షాకాలంలో, చలికాలంలో అంతకంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. తొందర ఉంటే వాసన ద్రవ్యాలు కలపని మామూలు బ్లీచును ఒక వంతు, మంచినీటిని పది వంతులు కలిపి, గాలి ఆడే చోట రాయిని 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ విరిచే సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీటిలో మరోరోజు ఉంచి, పూర్తిగా ఎండబెట్టండి. బ్లీచు నీటిలో వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ కలపవద్దు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టవద్దు. మరుగునీరు పోసి ఆవిరి పీల్చేలా నిలబడవద్దు. రాళ్ల మీద మనం గుర్తుపట్టని జోవాంథిడ్లు అనే పగడాల వంటి జీవులు, ముఖ్యంగా పాలితోవా జాతివి, ఉండే అవకాశం ఉంది. వాటిలోని పాలీటాక్సిన్ ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. ఇలాంటి రాళ్లను ఇంట్లో వేడిచేసి, ఆ ఆవిరి పీల్చి కుటుంబ సభ్యులు ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఈ ఒక్క జాగ్రత్తను ఇంట్లో అందరికీ చెప్పండి.

ఎండిన రాయి ఇప్పుడు నిర్జీవం. లోపల చచ్చిన పదార్థం మిగిలి ఉంటుంది కాబట్టి వెంటనే ట్యాంకులో పెట్టకుండా, వేరే టబ్బులో ఉప్పునీరు పోసి, చిన్న పంపు తిప్పుతూ, అమ్మోనియా పరీక్షలో సున్నా వచ్చేవరకు ఉంచి, అప్పుడు తిరిగి పెట్టండి.

కదలని రాళ్ల మీద సున్నపు ముద్ద

అడుగున ఇరుక్కున్న రాళ్ల మీద, అతికించిన కట్టడం మీద ఉన్నవాటికి నేను ఎక్కువగా నమ్మే మందు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన తడి సున్నమే. రీఫ్ ట్యాంకులు, అంటే పగడాల ట్యాంకులు, పెంచేవారు కాల్క్‌వాసర్ అని పిలిచేది సున్నపు తేటనే, జర్మన్ భాషలో ఆ మాటకు అర్థం కూడా సున్నపు నీరే. సంతృప్త సున్నపు తేట పీహెచ్ 12.4 దాకా ఉంటుంది. అంతటి క్షారం తగిలిన చోట అనిమోనీ కణజాలం కాలిపోతుంది. నీటిలో మిగిలిన సున్నం కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బనేటుగా, అంటే రాతి పదార్థంగానే మారుతుంది కాబట్టి కొద్ది మోతాదులో ట్యాంకుకు విషం కాదు. ఆహార శ్రేణి లేదా అక్వేరియం శ్రేణి పొడి మాత్రమే కొనండి. కిళ్లీ కొట్టులో దొరికే తాంబూలపు సున్నం మూలంలో ఇదే పదార్థం, కానీ అందులో ఇంకేమి కలిపారో మనకు తెలియదు, గోడలకు వేసే సున్నంలో మలినాలు ఉంటాయి. రెండూ వద్దు.

చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఒక చెంచా పొడిలో ఆర్వో నీటిని చుక్కలు చుక్కలుగా వేస్తూ, గరిటె జారుడుగా ఉండే దోసె పిండి కంటే కొంచెం గట్టిగా వచ్చేవరకు కలపండి. మరీ పల్చనైతే నీటిలో పాలలా విరిగి చెదిరిపోతుంది, మరీ గట్టిదైతే సిరంజిలోంచి రాదు. మొనలేని సూది లేదా సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించిన 3 మిల్లీలీటర్ల సిరంజిలోకి దాన్ని ఎక్కించుకోండి.

నీటిని కదిలించే వేవ్ మేకర్లు, రిటర్న్ పంపు, స్కిమ్మర్ ఆపి, నీరు నిలిచేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి. ఇక్కడి నుంచి చేయి ఎంత నెమ్మదిగా కదిలితే అంత మంచిది. సిరంజిని పక్క నుంచి కాకుండా పై నుంచి, నీడ పడకుండా, అంగుళం అంగుళంగా దించి, అనిమోనీని గుచ్చకుండా దాని నోటి పళ్లెం మీద కొద్దిగా ముద్ద జార్చండి. అది మేత అనుకుని స్పర్శకాలు ముడిచి దాన్ని లోపలికి తీసుకుంటుంది. మనకు కావలసింది అదే, ఎందుకంటే లోపలికి వెళ్లిన సున్నమే పాదం దాకా పనిచేస్తుంది. అది లోపలికి తీసుకున్నాక, ముడుచుకుపోయిన సందు మూసుకుపోయేలా పైన ఇంకొంచెం పోయండి. భయపడి ముందే సందులోకి పారిపోతే వెంటపడి పొడవవద్దు. ఆ పూటకు వదిలేసి మరుసటిరోజు రండి. రెచ్చగొట్టిన అనిమోనీ పక్క నుంచి తునకలు వదిలే అవకాశమే ఎక్కువ.

పదిహేను, ఇరవై నిమిషాల తరువాత సన్నని గొట్టంతో మిగిలిన సున్నాన్ని, కరిగిన కణజాలాన్ని సైఫన్ చేసి పంపులు ఆన్ చేయండి. పంపులు ఆపిన సంగతి మరిచి నిద్రపోవడం ఈ పనిలో తేలికగా జరిగే ప్రమాదం, కాబట్టి ఫోనులో అలారం పెట్టుకునే మొదలుపెట్టండి.

ఒక పూటకు ఎన్ని అంటే, నా అలవాటు నూరు లీటర్లకు రెండు మూడు. పీహెచ్ ముందూ తరువాతా కొలిచి, 8.5 దాటుతుంటే ఆ వారానికి ఆపేయండి. చికిత్స చేసిన రెండో రోజున పదిహేను శాతం నీరు మార్చండి. మూడో రోజున, వారానికి, పదిహేను రోజులకు అదే చోటును కాగితంలో చూసుకుంటూ పరీక్షించండి, ఎందుకంటే పెద్దది చచ్చిన చోట చుట్టూ నాలుగైదు చిన్నవి మొలవడం మామూలే. వాటిని చూసి నిరాశపడవద్దు. అవి చిన్నగా ఉన్నప్పుడు ఒక్క చుక్క సరిపోతుంది.

సున్నం కలుపుకునే ఓపిక లేకపోతే ఐప్టేసియా-ఎక్స్, జోస్ జ్యూస్ వంటి తయారు మందులు ఇదే పద్ధతిలో వాడవచ్చు. సీసా మీది మోతాదు దాటవద్దు. నిమ్మరసం, వెనిగర్ కూడా పనిచేస్తాయి కానీ అవి నీటిలో వెంటనే పలచబడతాయి కాబట్టి సూదితో దేహంలోకి ఎక్కించాలి, అలా గుచ్చగానే అది ముడుచుకుంటుంది, గురి తప్పుతుంది. వేడినీటి సూది మీద నాకు నమ్మకం లేదు, నీటిలో దిగేలోపే వేడి పోతుంది. రాగి ఉన్న మందులు మాత్రం ట్యాంకులో వేయవద్దు. అవి రొయ్యలను, నత్తలను చంపుతాయి, రాళ్లు రాగిని పీల్చుకుని చాలాకాలం వదులుతూ ఉంటాయి.

చేయి పట్టని లోతు రంధ్రంలో ఉన్నదానిపై అక్వేరియం ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్దతో రంధ్రాన్ని పూర్తిగా, అంచుకు ఒక సెంటీమీటరు అవతలి దాకా కప్పేయడం మరొక మార్గం. చిన్న పగులు వదిలితే అక్కడి నుంచే బయటికి వస్తుంది.

తినే జీవులను ఎప్పుడు తేవాలి

అందరూ ముందు అడిగేది ఇదే, నేను చివరికి పెట్టడానికి కారణం ఉంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప ఐప్టేసియాను తింటుంది, నిజమే. కానీ అది మేత విషయంలో చాలా సున్నితమైనది, దానికి పెద్దదైన, ఏడాదైనా నిలదొక్కుకున్న ట్యాంకు కావాలి. రెండు నెలల ట్యాంకులో వేస్తే కలుపు పోకముందే చేప ఆకలితో చచ్చిపోతుంది. ఒక కలుపు కోసం ఒక ప్రాణిని బలిపెట్టడం నాకు అంగీకారం కాదు. బ్రిజిల్‌టెయిల్ ఫైల్‌ఫిష్ కొంత గట్టిది, చాలావాటికి ఐప్టేసియా ఇష్టమే, కానీ తరువాత పగడాలను కూడా కొరకవచ్చు.

కొత్త ట్యాంకుకు తగినది పెప్పర్‌మింట్ రొయ్య, లిస్మాటా వుర్డెమానీ, లిస్మాటా బోగెస్సీ అనే దగ్గరి జాతులు. అద్దంలాంటి దేహం మీద సన్నని ఎర్ర చారలు ఉంటాయి. అంగళ్లలో దీని పేరుతో తరచుగా అమ్మేది క్యామెల్ రొయ్య. దానికి వీపు మీద మూపురం స్పష్టంగా ఉంటుంది, ఎరుపు మీద తెల్లని గీతలు, చుక్కలు దట్టంగా ఉంటాయి. అది ఐప్టేసియా సంగతి పట్టించుకోదు, మెత్తని పగడాలను మాత్రం తింటుంది. సరైన రొయ్యలను రెండు మూడు కలిపి వేసి, కొత్త నీటికి గంటకు తగ్గకుండా నెమ్మదిగా అలవాటు చేయండి. అవి రాత్రి తిరుగుతూ చిన్నవాటిని తింటాయి, రూపాయి బిళ్లంత పెద్దవాటి జోలికి సాధారణంగా పోవు. అందుకే పెద్దవి సున్నంతో తీసేసి, చిన్నవాటిని రొయ్యలకు వదలడం మంచి పంపకం. చేపలకు మేత ఎక్కువ వేస్తే రొయ్యలు అదే తిని కూర్చుంటాయి.

లెక్క వంద దాటి చేతికి అందని పరిస్థితి ఉంటే బెర్ఘియా అనే చిన్న పెంకులేని సముద్రపు నత్త పనికొస్తుంది. అది ఐప్టేసియా తప్ప మరేదీ తినదు. తెల్లని చుట్టలుగా గుడ్లు పెట్టి, పిల్లలతో కలిసి రెండు మూడు నెలల్లో ట్యాంకు శుభ్రం చేయగలదు. అయితే పెప్పర్‌మింట్ రొయ్యలు, చాలా ర్యాస్ చేపలు దాన్నే తినేస్తాయి కాబట్టి ఈ రెండు మార్గాల్లో ఒకటే ఎంచుకోవాలి. పంపుల నోళ్లకు స్పాంజి కట్టాలి. ఐప్టేసియా అయిపోయాక అవి ఆకలితో చావకుండా, అవసరం ఉన్న మరొకరికి ముందే మాట్లాడి ఇవ్వండి. మజానోను బెర్ఘియా ముట్టదు, రొయ్యల్ని కూడా దాని విషయంలో నమ్మలేము. మజానోకు సున్నపు ముద్ద, లేకుంటే అది అతుక్కున్న రాతి పెచ్చును నీటి బయట ఉలితో పగలగొట్టి తీసేయడం, ఈ రెండే.

మళ్లీ రాకుండా

ఐప్టేసియా గాలిలో ఎగిరి రాదు. జీవులతో సహా అమ్మే లైవ్ రాక్ మీద, పగడపు ముక్కను (ఫ్రాగ్) అతికించి అమ్మే చిన్న బిళ్ల (ప్లగ్) కింద, పెంచే నాచులో, నత్త పెంకు మడతలో దాక్కుని వస్తుంది. తెచ్చిన ప్రతి ఫ్రాగును ప్లగ్ నుంచి విడగొట్టి, ప్లగ్ పారేసి, కొత్త ప్లగ్ మీద అతికించండి. పురుగులు పోవడానికి పగడాన్ని ముంచే డిప్ ద్రావణాలు ఐప్టేసియాను నమ్మకంగా చంపవు. చిన్న ప్రత్యేక ట్యాంకులో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి భూతద్దంతో చూడడమే నమ్మదగిన వడపోత.

మన తీరంలో ఉండేవారికి ఒక మాట. విశాఖ, భీమిలి వైపు పోటు తగ్గినప్పుడు బయటపడే రాళ్ల మీద అనిమోనీలు కనిపిస్తాయి, అక్కడి రాయి ఒకటి తెచ్చి ట్యాంకులో పెట్టాలనిపిస్తుంది. అది వద్దు. అందులో ఏయే జీవులు వస్తాయో చెప్పలేము, అన్నిటికంటే ముఖ్యంగా, పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి పగడం అంటి ఉన్న రాయిని సముద్రం నుంచి తీయడం నేరం. ఎండు రాళ్లతో, సీసాలో దొరికే బ్యాక్టీరియాతో ట్యాంకు మొదలుపెట్టడం కొన్ని వారాలు ఆలస్యం చేస్తుంది కానీ ఈ రెండు చిక్కులూ ఉండవు. అలాగే మీరు తీసేసిన రాయిని, సైఫన్ చేసిన నీటిని సముద్రంలో గానీ కాలువలో గానీ పోయవద్దు. నీటిలో బ్లీచు కలిపి ఒక రోజు ఉంచి, ఆ తరువాతే ఇంటి మురుగు గొట్టంలో పోయండి.

కాగితం మీద చివరి గుర్తు కొట్టేశాక ఎనిమిది వారాలు లెక్కపెట్టండి. ఆ ఎనిమిది వారాల్లో వారానికి ఒక రాత్రి టార్చి పట్టుకుని రాళ్లు, సంప్, ఓవర్‌ఫ్లో పెట్టె చూడండి. ఒక్కటి కనిపించినా లెక్కను మళ్లీ మొదటి వారం నుంచి మొదలుపెట్టండి. ఎనిమిది వారాలూ ఒక్కటీ కనిపించకుండా గడిచాకే మొదటి పగడాన్ని కొనండి.